గాజులమ్మ చెప్పినట్టే

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నాకు జమ్మలమడుగు శాఖా గ్రంథాలయంలో ఉద్యోగం వచ్చింది. మాది పులివెందుల. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు, పెళ్లి కాలేదు. లైబ్రరీ వెనక సందులో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవాణ్ణి. లైబ్రరీ అంటే రెండు గదులు, ముందొక వసారా, మూడు బీరువాలు, ఒక రేడియో. సాయంత్రం వార్తల వేళకు వసారా నిండిపోయేది. వార్తలు అయిపోగానే అందరూ పైపంచెలు దులుపుకుని లేచి వెళ్లిపోయేవారు.

ప్రొద్దుటూరు నుంచి బదిలీ మీద కొత్తగా వచ్చిన ఒక టీచరమ్మ ఒకరోజు నన్ను అడిగింది. "పిల్లోళ్లకు ఈ ఊరి గురించి చెప్పాలనుకుంటాండా. ఏమన్నా పుస్తకముందా?" బీరువాలు మూడూ వెతికాను. కాశీ గురించి ఉంది, లండను గురించి ఉంది. జమ్మలమడుగు గురించి ఒక్క కాగితం కూడా లేదు. లేదని చెప్పడానికి నాకే సిగ్గేసింది.

ఆ వారమే పెద్ద నోటు పుస్తకం ఒకటి తెచ్చి, అట్ట మీద 'ఊరి పుస్తకం' అని రాసి, పేపర్లు పెట్టే బల్ల మీద పెట్టాను. మీకు తెలిసిన ఊరి సంగతులు ఇందులో రాయండి అని పక్కన ఒక చీటీ కూడా అంటించాను. నెల గడిచినా ఒకే ఒక్క వాక్యం పడింది. కుర్చీల్లో నల్లులున్నాయని ఎవరో రాశారు. మాట నిజమే. కుర్చీలన్నీ ఎండలో వేసి కిరసనాయిలు పోశాను.

అసలైన మొదటి రాత అయ్యవారిది. ఆయన హైస్కూల్లో తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యారు. ఊళ్లో సగం మంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్లే. పొద్దున తలుపు తీసేసరికి మెట్ల మీద ఉండేవారు, పేపరు మొదటి మడత ఆయనే విప్పాలి. ఒకరోజు కళ్లజోడు సర్దుకుని, ముత్యాల్లాంటి అక్షరాలతో రెండు పేజీలు రాశారు. తమ వీధిలోని మంచినీళ్ల బావిని ఒక కరువు కాలంలో తమ తాతగారు ప్రజల దప్పిక తీర్చుటకై త్రవ్వించిరని దాని సారాంశం.

నా సంతోషం ఇంతా అంతా కాదు. నలుగురికీ తెలిస్తే మరో నలుగురు రాస్తారని, ఆ సాయంత్రం వార్తలకు ముందు వసారాలో నిలబడి గట్టిగా చదివాను. అయ్యవారు గోడవైపు చూస్తూ కూర్చున్నారు కానీ ముఖం వెలిగిపోతోంది.

మెట్ల మీద గాజులమ్మ కూర్చుని ఉంది. ఆమె అసలు పేరు ఊళ్లో ఎవరూ పిలిచేవారు కాదు. అరవై దాటిన ముస్లిం ముసలమ్మ. భుజాన గాజుల మలారం వేసుకుని ఇల్లిల్లూ తిరిగేది, పండగలకు ప్రొద్దుటూరు దాకా వెళ్లొచ్చేది. చీకటి పడేముందు కాళ్లు నొప్పెట్టి మా మెట్ల మీద కాసేపు కూర్చునేది.

నేను చదవడం ఆపగానే ఆమె పకపకా నవ్వింది.

"అయ్యవారి తాత తవ్వినాడా బావి? ఆయప్ప గడ్డపార పట్టింది ఎవురు చూసినార్రా? తవ్వింది మా అవ్వా, ఇంకా శానామంది ఆడోళ్లు. మట్టి మోసి మోసి మా అవ్వకు నడినెత్తిన ఎంటికలే ఊడిపాయ."

వసారా అంతా గొల్లున నవ్వింది. అయ్యవారు చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. పేపరు మొదటి మడత ఎవరో విప్పారు. ఆయన మెట్ల మీద లేకపోతే లైబ్రరీ తలుపు తీసినట్టే అనిపించలేదు నాకు.

మూడో రోజు ఆయన ఇంటికి వెళ్లాను. ఆయన లోపలి గదిలో ఉన్నారు, బయటికి రాలేదు. అక్కణ్ణుంచే అన్నారు.

"ఆ రెండు పేజీలు చించెయ్ నాయనా. నేను రాసింది చదువుకునేదానికి. నువ్వు నలుగుర్లో నవ్వులపాలు చేసినావు."

నేను నడవలోనే నిలబడ్డాను. అదే సమయానికి గాజులమ్మ వచ్చింది. ఆయన కోడలికి గాజులు తొడగాలట. నన్ను చూసి తల ఊపి, నడవలోనే కూర్చుని, ఆ అమ్మాయి చెయ్యి ఒళ్లోకి తీసుకుని మెల్లగా పిసుకుతూ మొదలుపెట్టింది. మాట అమ్మాయితోనే అయినా గొంతు మాత్రం లోపలి గదికి వినబడేంత పెద్దది.

"మీ మామకు నా మీద కోపమొచ్చినాదంట గదమ్మా? నేనేం అంటి? వాళ్ల తాత మంచోడు కాదంటినా? స్థలమిచ్చింది ఆయప్పే. దినామూ గంజి కాంచిపిచ్చి, గరిటె పట్టుకోని నిలబడి పోసింది ఆయప్పే. మా అవ్వ ఆ గంజి తాగే బతికింది. ఒకపొద్దు గుండిగలో గంజి అయిపాయనంట. ఇంకా ఆరుమంది ఆడోళ్లు గిన్నెలు పట్టుకోని నిలబడినారంట. ఆయప్ప ఇంట్లోకి పోయి, వాళ్లు తినేదానికి వండుకున్న కూడు తెచ్చి పెట్టినాడంట. పెడతా పెడతా ఏడ్చినాడని మా అవ్వ సచ్చేదాకా చెప్పింది. అయితే తవ్వింది మాత్రం మా అవ్వోళ్లే."

గాజు ఎక్కింది. లోపల కుర్చీ కదిలిన చప్పుడు. అయ్యవారు గడప దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"గంజి పోసినాడా? మా తాతా?"

"పోసినాడు గదా."

"ఇంటి కూడు తెచ్చి పెట్టినాడా? మా ఇంట్లో ఎవురూ నాకు చెప్పలేదే."

"మీ ఇంట్లో ఎట్ల చెప్తారయ్యవారూ? పోసినోళ్లకేం యాదుంటాది? తాగినోళ్లకు యాదుంటాది."

ఆయన గడప దాటి నడవలోకి వచ్చారు. తర్వాత కోడలితో, "ఆమెకు మజ్జిగ ఇయ్యమ్మా" అన్నారు. నావైపు తిరిగి, "చించొద్దులే" అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరూ లైబ్రరీకి వచ్చారు. ఆమె చెప్పడం, ఆయన రాయడం అని ఒప్పందం. ఆమెకు చదవడం రాదు. నేను ఎదురుగా కూర్చున్నాను. నాలుగు వాక్యాలు రాశాక ఆమె, "ఏం రాసినావో చదువు" అంది.

అయ్యవారు గొంతు సవరించుకున్నారు. "మా అవ్వ తట్టను శిరస్సున ధరించి పోవుచుండగా..."

"ఆగాగు. ఎవురది?"

"మీ అవ్వే."

"మా అవ్వ యానాడూ అట్ల పోలే. తట్ట నెత్తిన పెట్టుకోని పోతాంటే అని చెప్పినా నేను."

"అర్థం రెండిటికీ ఒకటే గదమ్మా. రాతకు ఒక పద్ధతి ఉంటాది."

"నీ తాతను నీ పద్ధతిగా రాసుకో. మా అవ్వను నేను చెప్పినట్టే రాయి."

అయ్యవారు కలం కింద పెట్టారు. ముప్పై ఏళ్లు పిల్లల నోటుబుక్కుల్లో ఇలాంటి మాటల కింద ఎర్ర గీతలు గీసిన మనిషి. ఇంట్లో తాను మాట్లాడేదీ అదే భాష, కాగితం మీదికి మాత్రం ఏనాడూ రానివ్వలేదు. ఏమంటారో అని నాకు భయమేసింది. ఆయన ఆ నాలుగు వాక్యాలూ కొట్టేశారు. పేజీ తిప్పి, "చెప్పు, మెల్లగా చెప్పు" అన్నారు. 'పోతాంటే' అని రాసేటప్పుడు ఆయన పెదవులు కదలడం చూశాను. స్పెల్లింగు కోసం ఒకటికి రెండుసార్లు పలుక్కున్నారు.

ఆ చెప్పడం, రాయడం పది రోజులు సాగింది. బావితో ఆగలేదు. వంతెన లేనప్పుడు పెన్నేటిని పుట్టిలో దాటడం, మునిగిపోతాయని గాజుల పెట్టె నెత్తిన పెట్టుకోవడం, ఏ వీధికి ఆ పేరు ఎందుకొచ్చిందో అన్నీ వచ్చాయి. మధ్యలో ఇద్దరూ పోట్లాడుకునేవారు. ఆయన ఒప్పుకోని సంగతుల పక్కన 'ఇది నాకు సమ్మతము కాదు' అని చిన్నక్షరాలతో రాసుకునేవారు. అది చదివి వినిపించమని ఆమె పట్టుబట్టేది, విని నవ్వేది.

వార్తలకు ముందు రోజూ ఒక పేజీ చదవడం నాకు అలవాటైంది, ఈసారి ఇద్దరినీ అడిగే. వినడానికి వచ్చినవాళ్లు తామూ చెప్పడం మొదలుపెట్టారు. ఒక మగ్గం నేసే పెద్దాయన తన పాత నేత నమూనాల గుడ్డ తెచ్చి, చూసి మళ్లీ ఇయ్యాలని రెండుసార్లు చెప్పి మరీ ఇచ్చాడు. రాత రానివాళ్లకు అయ్యవారే రాసిపెట్టేవారు. చెప్పినవాడి ఊరు ఏదైతే ఆ ఊరి మాటే రాసేవారు.

ఏడాది తర్వాత తనిఖీకి వచ్చిన ఒక అధికారి ఆ పుస్తకం తిరగేసి నొసలు చిట్లించాడు. విషయం బాగుంది కానీ భాష మరీ మోటుగా ఉంది, ఎవరైనా పండితుల చేత దిద్దించండి అన్నాడు. పక్కనే పేపరు చదువుకుంటున్న అయ్యవారు తలెత్తి, "పండితుడే దిద్దినాడు సార్. తప్పుల్లేవు" అన్నారు. అధికారి ఆయన్ను ఎగాదిగా చూసి సంతకం పెట్టి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకు నాకు పులివెందులకు బదిలీ రాబోతోందని తెలిసింది. అయ్యవారు రెండు నెలలు కూర్చుని మొత్తం పుస్తకానికి రెండు నకళ్లు తీశారు, ఒకటి ప్రొద్దుటూరు లైబ్రరీకి, ఒకటి నాతో పులివెందులకు. నేను బస్సెక్కే రోజు గాజులమ్మ స్టాండుకు వచ్చింది. నాకింకా పెళ్లి కాలేదని కసురుకుని, చేసుకోబోయే పిల్లకని డజను ఆకుపచ్చ గాజులు కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టింది. "సైజు తెలీదు నాకు. సరిపోకుంటే పిల్లను మార్చుకో" అంది.

పులివెందులలో మొదటివారం ఆ నకలును బల్ల మీద పెట్టి, పక్కన ఒక కొత్త నోటు పుస్తకం పెట్టాను. లింగాల నుంచి సంతకు వచ్చిన ఒక రైతు నిలబడే నాలుగు పేజీలు చదివాడు. ఒకచోట గట్టిగా నవ్వాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, "ఇట్లయితే మేమూ చెప్తాం గదప్పా, యాడ కూర్చోవల్ల?" అని అడిగాడు. నా ఎదురుగా ఉన్న కుర్చీ చూపించాను.