పళ్లెంలో మోగిన వాచీ

నిద్ర లేవడం నాకు చిన్న పని కాదు. పదో తరగతిలో వచ్చిన జ్వరం నా చెవులను తినేసింది. పగలు చెవిమిషన్‌తో నెట్టుకొస్తాను. పడుకునేముందు దాన్ని తీసేస్తే ఇంటి మీద పిడుగు పడ్డా తెలియదు. పొద్దున్నే సత్తుపల్లిలో మొదటి బస్సు ఎక్కితేనే వైరాలో విత్తనాల కంపెనీ ఆఫీసుకు టైముకు చేరతాను. అందుకే పెళ్లికి ముందు కొనుక్కున్న స్మార్ట్‌వాచీ నాకు నగల కంటే ఎక్కువ. చెప్పిన వేళకు మణికట్టు మీద బుర్రుమని లేపేది. ఒకరి చెయ్యి పడకుండా నా అంతట నేను లేచేదాన్ని.

ఆ వాచీ చేసే కంపెనీని పోటీ కంపెనీ కొనేసింది. కొన్నది నడపడానికి కాదు, మూసేయడానికి. నా వాచీ మాత్రం మొండిది, కొన్నేళ్లు లాక్కొచ్చి చివరికి బ్యాటరీ ఉబ్బి ఊరుకుంది. ఫోన్ దిండు కింద పెడితే జారి మంచం కింద పడేది. ఇంకో రకం వాచీ రోజూ చార్జింగ్ అడిగేది, మరిచిన రోజు బస్సు పోయేది. మా ఆయనకు బొగ్గు గనిలో షిఫ్టులు, దాంతో లేపే పని అత్తమ్మ మీద పడింది. ఆమె భుజం పట్టి కుదిపితే ఉలిక్కిపడేదాన్ని, ఆ రోజంతా చిరాకే. కుదపకముందే లేవాలన్న పంతంతో మాటిమాటికీ కళ్లు తెరిచి గడియారం చూసేదాన్ని.

ఈ మధ్య ఆ కంపెనీ పెట్టినాయనే అదే వాచీని మళ్లీ తెస్తున్నాడని చదివాను. ఇక కాలు ఒకచోట నిలవలేదు. ఆర్డరు పెట్టి, పార్సిలు ఎక్కడిదాకా వచ్చిందో బస్సులో, ఆఫీసులో, అన్నం ముందు కూడా చూసుకున్నాను. పెళ్లిచూపులకు కూడా ఇంత ఎదురుచూడలేదని మా ఆయన ఎగతాళి చేశాడు.

అది దసరా ముందు రోజు వచ్చింది. బొగ్గు గని ఇళ్లలో దసరా నాడు అన్నం పెట్టే ప్రతి పనిముట్టూ పూజకెక్కాల్సిందే. ఆ రాత్రే, గనిలో బొగ్గు మోసే డంపర్ లారీ నడిపే మా ఆయన హెల్మెట్, అత్తమ్మ కొడవలి పెట్టారు. నన్ను ఆఫీసుకు పంపేది ఇదే కదా అని నా వాచీని దేవుడి అర్రలో పటాల ముందు ఇత్తడి పళ్లెంలో పెట్టి బొట్టు పెట్టాను. మరునాడు స్నానం చేసి దీపం పెట్టేదాకా వాటిని ముట్టకూడదు. రాగానే పెట్టుకున్న అలారం ఆపాలన్న సోయి నాకు లేదు.

తెల్లవారుతుండగా భుజం పట్టి ఎవరో కుదిపారు. ఎదురుగా కర్రతో అత్తమ్మ, టార్చితో మా ఆయన. చెవిమిషన్ పెట్టుకుంటే తెలిసింది, దేవుడి అర్రలో పాము దూరిందని ఇద్దరూ హడలిపోయారట. పళ్లెంలో వాచీ గడగడలాడి, నన్ను తప్ప ఇల్లంతా లేపింది.

నవ్వులయ్యాక అత్తమ్మ మంచం మీద కూర్చుంది.

"గిది రోజూ లేపుతదా? మర్చిపోదు గద?"

మర్చిపోదన్నాను.

"అయితే ఇగ నేను నిమ్మలంగ పండుకోవచ్చు. నీ బస్సు పోతదేమోనని కన్నంటుకుంటలేదు బిడ్డా."

పెద్దవాళ్లకు నిద్ర తక్కువని అనుకుంటూ వచ్చాను. నాకోసం మేలుకుంటోందని తట్టనే లేదు.

మరునాడు వాచీ మణికట్టు మీద లేపింది. చెవిమిషన్ కూడా పెట్టుకోకుండా సంబరంగా బయటికొస్తే, అత్తమ్మ అప్పటికే లేచి కూర్చుని ఉంది. ఎందుకు లేచావని అడిగితే అలవాటైపోయిందని సైగ చేసింది. ఆమె ఒళ్లో తల పెట్టి ఏడ్చాను. ఎంతసేపున్నానో తెలియదు. ఆమే నా భుజం పట్టి కుదిపి, వాకిలి వైపు చూపించింది. బస్సుకు టైమైంది.