ఇరవై క్యూసెక్కులకు ఎన్ని అడుగులు?

1976 జూలైలో నన్ను నీటిపారుదల సూపర్‌వైజరుగా తిరువూరు సెక్షనులో వేశారు. ఇంజినీరుకు కింద, లస్కరుకు పైన ఉండే ఉద్యోగం. పెనుగొలను వైపు వాగు మీద ఒక చిన్న ఆనకట్ట, దాని కాలువ నా బాధ్యత. కాలువ మొదట్లో, నీళ్లు వదిలే తలుపుకు కాస్త దిగువన, అడుగులూ అంగుళాలూ గీసిన గేజీ పలక ఉండేది. పొద్దున్నే గాలి లేనప్పుడు దాని అంకెలు నీళ్లలో తలకిందులుగా కనిపించేవి. వచ్చిన పని మరిచిపోయి వాటినే చూస్తూ కూర్చునేవాణ్ణి.

పైనుంచి ఉత్తర్వులు క్యూసెక్కుల్లో వచ్చేవి, అంటే సెకనుకు ఎన్ని ఘనపుటడుగుల నీరు వదలాలో. తలుపు ఎత్తే లస్కరు మస్తానుకు కనిపించేవి అడుగులే. ఆఫీసులోని పాత పట్టిక ఏ మట్టానికి ఎంత నీరు పారుతుందో అంగుళం అంగుళానికీ చెప్పేది. మాకు కావలసింది దాన్ని తిరగేసినది: ఇంత నీరు పారాలంటే మట్టం ఎంత ఉండాలి? అక్కడ నా తెలివి చూపించాను. మూడడుగులకు అరవై క్యూసెక్కులు కాబట్టి ఇరవైకి ఒక అడుగని సమానంగా పంచేసి, ముత్యాల్లాంటి అక్షరాలతో అట్ట మీద రాసి మస్తాను చేతిలో పెట్టాను.

మస్తాను రోజూ ఒక గోగుపుల్ల కాలువలో వేసి, గట్టు మీద దాని పక్కనే నడిచేవాడు. పారుదల ఎంతుందో అలా పట్టేవాడు. నాలుగో రోజున, "కాయితం ఇరవై అంటోంది గానీ సార్, పుల్ల అంత నడవట్లేదండి" అన్నాడు. నవ్వి ఊరుకున్నాను.

వారం తిరక్కుండా, కాలువ చివర నాలుగెకరాలున్న వెంకాయమ్మగారు ఎండిన నారు గుప్పెడు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. "నీళ్లొదిలామంటున్నారు, మా మడి దాకా రాలేదు. నారు పోతే నేనేం నాటను బాబూ?" అన్నారు.

పాత పట్టిక చంకన పెట్టుకుని గేజీ దగ్గరికి పోయాను. ఒక అడుగుకు ఎదురుగా చూస్తే పన్నెండు క్యూసెక్కులైనా లేవు. మట్టం పెరిగేకొద్దీ పారుదల అంతకు మించి పెరుగుతుంది. కింది అడుగుకు వచ్చే నీరు పై అడుగుకు వచ్చేదానికన్నా బాగా తక్కువ. ఇరవైకి దాదాపు అడుగున్నర కావాలి. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. తప్పు నాదేనని మస్తానుతో చెప్పాను. "ఎత్తమంటారా సార్?" అని మాత్రం అడిగాడు.

తలుపు లేచింది. మధ్యాహ్నపు ఎండలో నీరు ఒక్కొక్క గీతనే నెమ్మదిగా కప్పుకుంటూ పైకి వచ్చింది. ఎంతసేపు చూశానో తెలియదు. ఇప్పటికీ కునుకు పడితే ఆ గీతలే మునుగుతూ కనిపిస్తాయి. మర్నాటికి నీరు చివరి మడికి చేరింది. అప్పటికే సగం నారు పోయింది.

ఆ తర్వాత ఎన్నో పట్టికలు అలా తిరగేసి రాశాను; ఉద్యోగం చివర్లో ఆ పని కంప్యూటరు చేసేది. ఎవరు చేసినా సరే, వచ్చిన జవాబును అసలు పట్టికలో చూసి, అడిగిన అంకె తిరిగి వస్తేనే సంతకం పెట్టాను. దానికి రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలు నేను పెట్టనందుకు ఆ ఏడు వెంకాయమ్మగారి పొలంలో రెండెకరాలు బీడుగా ఉండిపోయాయి.