పాతది తీసేసిన శుక్రవారం

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో అమలాపురంలో ఒక డి.టి.పి. షాపులో పనిచేసేదాన్ని. మేం వాడే తెలుగు సాఫ్ట్‌వేర్‌ ఇక నడవదని కంపెనీవాళ్లు కొత్తది పంపారు. శుక్రవారం ఉదయం మా ఓనరుగారు కంప్యూటరుకి బొట్టుపెట్టి కొబ్బరికాయ కొట్టారు.

"రాహుకాలం వచ్చేస్తంది. ముందు పాతది తీసెయ్యమ్మా" అన్నారు. తీసేశాను.

ఆరోజే ప్రెస్సుకి వెళ్లాల్సిన పెళ్లికార్డు కొత్తదానిలో తెరిస్తే అక్షరాలకు బదులు గళ్లూ, ప్రశ్నార్థకాలూ. పాత సి.డి. మళ్లీ పెడితే కంప్యూటరు తీసుకోలేదు. బాబాయిల, మేనమామల పేర్ల వరుస కోసం పెళ్లికూతురి తండ్రి పదేపదే దిద్దించిన కార్డది. ఒక్క పేరు జారినా పెళ్లిలో గొడవే.

అంతలో ఆ తండ్రే గుమ్మంలోకొచ్చారు. "ప్రెస్సుకి పంపేసేరాండీ?"

స్క్రీను చూపించాను.

ఆయన స్క్రీనుకేసి వంగి చూసి, "ఆఖర్న దిద్దిన కాగితానికి పసుపు రాసి ఐనవిల్లి వినాయకుడి దగ్గర పెట్టించేనండి. ఇంట్లో దేవుడి గూట్లో ఉంది. తెస్తానుండండి" అన్నారు.

ఆ పసుపు కాగితం చూసి మొత్తం మళ్లీ టైపు చేశాను.

ఇప్పుడు నాకు సొంత షాపుంది. కొత్తది ఏదొచ్చినా కొబ్బరికాయ కొడతాను. పాతది మాత్రం, కొత్తదానిలో ఒక పెళ్లికార్డు పూర్తిగా బయటికొచ్చేదాకా ముట్టుకోను. రాహుకాలం వస్తే రానీ.