తాగని మనిషికి తాగుబోతు పేరు

ఏడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఈ రోజు మీకు చెప్పేస్తాను. ఏడుస్తూ కాదు, నేనిప్పుడు హాయిగా ఉన్నాను. ఆ హాయే నన్ను పొడుస్తోంది.

నాది నంద్యాల. నన్ను చేసుకున్నాయనకు ఆళ్లగడ్డలో విత్తనాల అంగడి. మూడేళ్లు కాపురం చేశాం. కొట్టుకోలేదు, తిట్టుకోలేదు. నాకు నోరు ఆగదు, ఆయన నోరు విప్పడు. నేను ఊరి కబుర్లన్నీ మోసుకొస్తే ఆయన ముసుగుతన్ని పడుకునేవాడు. పొసగలేదు, అంతే. ఇష్టపడే విడిపోదామనుకున్నాం. ఇద్దరూ ఒప్పుకుంటే ఎవరి తప్పూ రాయక్కర్లేదని లాయరమ్మ చెప్పింది. కానీ కోర్టుకంటే ముందు పెద్దమనుషుల పంచాయితీ ఉంది. అక్కడ ఒకరి తప్పు తేలందే ఎవరూ చాప మీది నుంచి లేవరు.

"ఏం తప్పు జేసినాడు మా?" అన్నాడు మా పెదనాయన.

"ఏమీ ల్యా పెదనాయనా. మాకు పొసగల్యా."

"పొసగకుంటే ఇడ్సిపెడ్తారా యాడన్నా? నిజం చెప్పు."

పొద్దు వాలుతోంది. నాకు విసుగొచ్చింది. "తాగుతాడు," అన్నాను.

అందరూ ఆయన వైపు తిరిగారు. సోడా కూడా ముట్టని మనిషి. నన్నొకసారి చూసి, "అవునప్పా, తాగుతా," అన్నాడు.

ఎందుకు ఒప్పుకున్నాడు? నా మీద జాలా? తనకూ విడుదల కావాలనా? రెండోదే అనుకుని నన్ను నేను ఊరడించుకున్నాను. పంచాయితీ ముగిసి నంద్యాలకు తిరిగొస్తూ, బస్సు శిరివెళ్ల దాటుతుంటే నాకు పాట వచ్చింది, నిజంగానే పాడుకున్నాను. ఆయనతో మాత్రం వాళ్ల నాయన ఏడాది పాటు మాట్లాడలేదట. పాణ్యం సంబంధం ఒకటి ఆ మాట విని వెనక్కిపోయిందట. తెలిసి కూడా నోరు ఆగని నేను నోరు మూసుకున్నాను.

ఇప్పుడాయనకు పెళ్లయింది. నాలాగా కాదు, ఆ అమ్మాయి నెమ్మది. ఇద్దరూ మాట్లాడుకోకుండానే సంతోషంగా ఉంటారట. మొన్న జాకెట్ కుట్టించుకోవడానికి నా కుట్టు అంగడికే వచ్చింది. ఆళ్లగడ్డలో తల్లులు తాగుబోతు కొడుకులను ఆయన దగ్గరికి తెస్తారట, ఎట్లా మానినాడో చెప్పమని; ఆ అమ్మాయే చెప్పింది. మజ్జిగ తాగమంటాడట. ఇద్దరం కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాం.

"నువ్వు ఇడ్సినంకనే మానినాడంట గదక్కా," అంది, నాకు మేలు చేసిన పేరు కట్టబెడుతూ.

చేతిలో టేపు పట్టుకుని భుజం కొలత రెండుసార్లు తీసుకున్నాను. చెప్పలేదు. శుక్రవారం జాకెట్‌కు వస్తుంది. అప్పుడైనా చెబుతానా? తెలియదు. ముందు మీకు చెబుతున్నాను, గుండె కాస్త తేలికవుతోంది.

ఆయన తాగుడు మానలేదు. ఎప్పుడూ తాగనే లేదు.