స్లాబు రోజు నా ముగ్గురు మనుషులు

మా కాంట్రాక్టరు గారి ఆఫీసు తెనాలిలో ఒక హార్డ్‌వేర్ షాపు పైన ఉంది. ఆయనకు ఎప్పుడూ మూడు చోట్ల పనులు నడుస్తుంటాయి. తెనాలిలో ఒక ఇల్లు, బాపట్లలో ఒక ఇల్లు, రేపల్లెలో ఒక మేడ. కూలీలు ఏ ఊరికి ఆ ఊళ్ళోనే దొరుకుతారు కానీ ఇంజనీరు, ఎలక్ట్రీషియను, ఇనుము కట్టే మేస్త్రి మాత్రం మూడు చోట్లకూ వాళ్ళే. ఆ ముగ్గురిలో ఎవరు ఏ రోజు ఏ ఊళ్ళో ఉండాలో తేల్చడమే నా ఉద్యోగం.

ఒకప్పుడు ఆ తేల్చడమంతా పొద్దున్నే ఆఫీసులో జరిగేది. ముగ్గురూ వచ్చి బెంచీ మీద కూలబడేవాళ్ళు. కింద కొట్టు నుంచి టీలు వచ్చేవి.

“అక్కా, ఇవాళ కూడా నన్ను రేపల్లె తోలావంటే ఉద్యోగం మానేస్తానంతే,” అనేవాడు ఎలక్ట్రీషియను.

“మానెయ్. కాకపోతే రేపల్లె వెళ్ళొచ్చాక మానెయ్,” అనేదాన్ని.

మేస్త్రి నవ్వి టీ ఒలకబోసుకునేవాడు. ఇంజనీరు కుర్రాడు పెద్దమనిషి తరహా, మా ఇద్దరికీ సర్దిచెప్పేవాడు. ఈలోగా బాపట్ల నుంచి ఫోను, మా వాళ్ళు ఇంకా రాలేదని. ఇంట్లో ఒక్కదాన్నే ఉండేదాన్ని నేను. నా సంసారమంతా ఆ గంటసేపటి గొడవలోనే ఉండేది.

తర్వాత మా కాంట్రాక్టరు గారు ఒక సాఫ్ట్‌వేర్ కొన్నారు. నాకెక్కడ వస్తుందిలే అనుకున్నారో ఏమో, నేర్పడానికి మనిషిని కూడా పిలిపించారు. ఆ మనిషి వెళ్ళేలోపే నాకు వచ్చేసింది. తెర మీద ఒక్కో మనిషికి ఒక్కో రంగు పట్టీ ఉంటుంది. ఒకే మనిషిని ఒకేసారి రెండు ఊళ్ళకు వేస్తే పట్టీ ఎర్రబడుతుంది. ఒక చోట పని వెనకబడితే మిగతా చోట్ల తేదీలు వాటంతట అవే జరుగుతాయి. పొద్దున్నే ఎవరెక్కడికి వెళ్ళాలో ముగ్గురి ఫోన్లకీ కబురు పోతుంది. దాంతో వాళ్ళు ఇంటి నుంచి నేరుగా పనికి పోవడం మొదలుపెట్టారు.

“చూశావామ్మా, ఆఫీసు ఎంత ప్రశాంతంగా ఉందో!” అన్నారు కాంట్రాక్టరు గారు.

ఉంది. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు కూడా వినపడేంత ప్రశాంతంగా ఉంది. ఏం తోచక ఎలక్ట్రీషియనుకు ఫోను చేసేదాన్ని, చేరావా అని. “చేరి ఫోన్లో నొక్కాను కదక్కా, నీకు కనపడలేదా?” అని పెట్టేసేవాడు. కనపడింది. ఎవరెక్కడున్నారో నాకు ఎప్పుడూ కనపడుతూనే ఉంటుంది. నాకు మాత్రం ఆ తెర మీద పట్టీ లేదు. మూడు ఊళ్ళ పనుల్లో నేను దేనికీ చెందను.

ఈమధ్య తెనాలిలో వానలకు పని ఆగింది. సాఫ్ట్‌వేర్ తన పద్ధతి ప్రకారం మిగతా తేదీలన్నీ జరిపేసి, ఇళ్ళవాళ్ళకు మెసేజిలు పంపింది. కాసేపటికి రేపల్లె నుంచి ఫోను. అక్కడ మేడ కట్టిస్తున్నది రిటైరైన టీచరు గారు.

“ఏమ్మా, అమావాస్య రోజు నాకు స్లాబు వేస్తారా? నామీద మీకేమన్నా కోపమా?”

“అయ్యో, నేను కాదండి, కంప్యూటరు.”

“మరి దానికో పంచాంగం కొనిపెట్టకపోయారా?”

గట్టిగా నవ్వేశాను. ఆ గదిలో నా నవ్వు నాకే కొత్తగా వినపడింది. ఆ పూటంతా గోడ క్యాలెండరు ముందు పెట్టుకుని, టీచరు గారి పనికి అమావాస్యలూ మంగళవారాలూ సెలవులుగా ఎక్కించాను. బాపట్ల వాళ్ళది క్రైస్తవ కుటుంబం. వాళ్ళకు అమావాస్య పట్టింపు లేదు, ఆదివారం మాత్రం పని కూడదు. వాళ్ళ సెలవులు వాళ్ళకి వేశాను. చివరికి రేపల్లె స్లాబు గురువారం, బాపట్ల స్లాబు మర్నాడు శుక్రవారం వచ్చాయి. బాపట్లలో ఇనుమూ కరెంటు పైపులూ గురువారం సాయంత్రానికే సిద్ధం కావాలి కాబట్టి, రేపల్లెలో స్లాబు కాగానే ముగ్గుర్నీ బాపట్లకు వేశాను. ఎక్కడా ఎరుపు లేదు. నా పనితనానికి నాకే ముచ్చటేసింది.

టీచరు గారు మళ్ళీ ఫోను చేశారు. “గురువారం భోజనానికి నువ్వూ రావాలమ్మా.”

స్లాబు పడిన రోజు ఇంటివాళ్ళు అందరికీ భోజనం పెడతారు. ఇంజనీరూ మేస్త్రీ కూలీలూ ఒకే బంతిలో కూర్చుంటారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను ఒక్క స్లాబు భోజనానికీ వెళ్ళలేదు. ఆఫీసులో ఫోను దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదా. ఇప్పుడు ఆ అవసరం లేదు. సెలవడిగితే కాంట్రాక్టరు గారు, “సెలవెందుకమ్మా, ఫోన్లో చూసుకుంటూ వెళ్ళిరా,” అన్నారు. ఆ ముగ్గురి పక్కనా కూర్చుని ఒక్క పూట అన్నం తినాలి, వాళ్ళు నన్ను నాలుగు మాటలంటే వినాలి. నాకు కావలసింది అంతే.

మంచి చీర కట్టుకుని పాసింజరులో రేపల్లె వెళ్ళాను. అప్పటికే కాంక్రీటు పైకి పోతోంది. మొదలుపెట్టాక మధ్యలో ఆపకూడదు కాబట్టి ఎవరూ కిందికి రాలేదు. ఇంజనీరు పైనుంచి చెయ్యి ఊపాడు. ఎలక్ట్రీషియను తన పైపులు ఎవరూ తొక్కకుండా కాపలా కాస్తున్నాడు. పక్కింటి వరండాలో కుర్చీ వేస్తే కూర్చున్నాను. ఎదురుచూడటం కూడా ఆ రోజు బాగానే ఉంది.

ఎండ నడినెత్తికొచ్చాక ఆఖరి తట్ట పడింది. షామియానా కింద బల్లల మీద విస్తళ్ళు వేశారు. నేను ముందే వెళ్ళి కూర్చుని, అటువైపు కుర్చీలో హ్యాండ్‌బ్యాగు, ఇటువైపు రెండు కుర్చీల మీద అడ్డంగా గొడుగు పెట్టాను. ముగ్గురూ చేతులు కడుక్కుని వచ్చారు కానీ కూర్చోలేదు.

“మీరు తినండక్కా. మేము పార్సిలు కట్టించుకున్నాం,” అన్నాడు ఇంజనీరు.

“అదేంటి? కూర్చుని తినరా?”

ఎలక్ట్రీషియను ఫోను తీసి చూపించాడు. “రెండింటికల్లా బాపట్ల. నువ్వే కదక్కా వేశావు! వానలు తగ్గాక మొన్న వేసిన తెనాలి స్లాబుకీ పార్సిలే.” వెటకారమేమీ లేదు, మామూలుగానే నవ్వుతూ అన్నాడు.

స్లాబుకు టైము వేశాను, ప్రయాణానికి వేశాను. భోజనానికి వెయ్యలేదు.

ఫోను నా చేతిలోనే ఉంది. వేలితో పట్టీని కాస్త జరిపితే గంటసేపు ముగ్గురూ నా పక్కన ఉంటారు. కానీ బాపట్లలో మనుషులు వీళ్ళకోసం కాచుకుని ఉన్నారు. చీకటి పడేలోపు పైపులు పడకపోతే తెల్లారి కాంక్రీటు ఆగిపోతుంది. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికీ తెలియదు.

“జాగ్రత్తగా వెళ్ళండి,” అన్నాను.

ముగ్గురూ వ్యానెక్కి వెళ్ళిపోయారు. బ్యాగూ గొడుగూ తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. టీచరు గారు పప్పు బకెట్టు పట్టుకుని వచ్చి, నాకు వడ్డించబోతూ ఆగారు.

“మీవాళ్ళేరమ్మా? ఇందాకటిదాకా ఇక్కడే ఉన్నారుగా?”

“బాపట్ల వెళ్ళారండి.”

“విస్తరి వేశాక మనిషిని లేపి పంపిస్తారా ఎవరన్నా? ఎవరమ్మా ఆ పంపించింది?”

“నేనేనండి,” అన్నాను.