తిరుత్తణిలో ఆగని గొంతు

మా మామ నేతగాడు. అమ్మకు అన్న. పగలంతా మగ్గం మీద పట్టుచీరలు నేసేవాడు, పొద్దునపూట ఒక గంట రేడియోలో మాట్లాడేవాడు. పాటలు వినే రేడియో కాదు, ఇటునుంచి మాట్లాడే రేడియో. దానికోసం పరీక్ష రాసి సర్కారు లైసెన్సు తెచ్చుకున్నాడు. తిరుత్తణిలో వాళ్ళ మిద్దె మీద రెండు ఇనప గొట్టాల మధ్య రేడియో యాంటెన్నా రాగితీగ ఉండేది. బట్టలారేసుకోవడానికని వీధిలోవాళ్ళు అనుకునేవాళ్ళు. రోజూ ఎనిమిది గంటలకు ఆయనలాంటి వాళ్ళు ఏడెనిమిది మంది గాలిలో కలుసుకునేవాళ్ళు. చిత్తూరు నుంచి ఒకరు, మదురై నుంచి ఒకరు. వాన పడిందా, మోకాలి నొప్పి తగ్గిందా, అంతే మాటలు. ఒక్కరోజు ఒకరు పలక్కపోతే మిగతావాళ్ళు ఫోను చేసి కనుక్కునేవాళ్ళు.

కిడ్నీలు చెడిపోయాక మామను తిరువళ్ళూరుకు నా దగ్గరికి తెచ్చుకున్నాను. నేనిక్కడ ఒక బడి ఆఫీసులో కంప్యూటర్ పని చేస్తాను. వారానికి మూడుసార్లు డయాలసిస్, ఆస్పత్రికి నా అద్దె ఇల్లే దగ్గర. ఓనరు మాత్రం మిద్దె మీద తీగ కట్టేదానికి ససేమిరా ఒప్పుకోలేదు. రేడియో తిరుత్తణిలోనే మేడగదిలో ఉండిపోయింది. కింద మామ కూతురు, మా వదిన, మగ్గం నేస్తుంది. ఆమె భర్త అత్తిపట్టు కరెంటు ప్లాంటులో డ్యూటీ, వారానికొకసారి వస్తాడు.

రేడియో లేక మామ మాట తగ్గిపోయింది. ఎనిమిదయ్యేసరికి గోడ గడియారం చూసి, తల దించుకుని కూర్చునేవాడు. చిత్తూరు స్నేహితుడే నాకు దారి చెప్పాడు. తిరుత్తణిలో రేడియోకు ఒక కంప్యూటర్ తగిలిస్తే, నా లాప్‌టాప్ నుంచే దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ ఉందట. ఒక సెలవురోజు పోయి అంతా బిగించి వచ్చాను. లాప్‌టాప్‌లో ఒక బటన్ నొక్కి పట్టుకుంటే మామ మాట ఇంటర్నెట్లో తిరుత్తణికి పోయి, అక్కడ రేడియోలోంచి బయటికి పోతుంది. బటన్ వదిలితే అవతలివాళ్ళ మాట వినిపిస్తుంది.

అయితే ఉచితంగా వాడుకుంటే పది నిమిషాలకొకసారి అదే మూసుకుంటుంది. మామ మాట మధ్యలో తెగినప్పుడల్లా ఆయన ముఖం చూడలేకపోయాను. సరే, కొందామనుకున్నాను. ఎక్కడో విదేశంలో ఒకే ఒక్క మనిషి దాన్ని తయారుచేసి అమ్ముతున్నాడు. నా కార్డు రెండుసార్లు పనిచేయలేదు. విదేశాలకు కట్టే వీలు బ్యాంకు యాప్‌లో తెరిచి మళ్ళీ కడితే, డబ్బు పోయినట్టు మెసేజ్ వచ్చింది, సాఫ్ట్‌వేర్‌ను పూర్తిగా తెరిచే తాళంలాంటి నంబరు మాత్రం రాలేదు. రెండు రోజులు చూశాను. ఆ మనిషికి రాసిన మెయిలుకు జవాబు లేదు.

"మోసపోయినామా పాపా?" అన్నాడు మామ. "నా పిచ్చికి నీ జీతం పాయె."

ఆ రాత్రి నా మెయిళ్ళన్నీ మళ్ళీ వెతికాను. చివరికి చూస్తే నంబరు స్పామ్‌లో పడి ఉంది. ఆ సంతోషంలో దాన్ని ఎక్కించి, మిగతా సెట్టింగులు ఏవీ చూడకుండా మూసేశాను. అదే నేను చేసిన తప్పు.

మరుసటి ఆదివారం పొద్దున మామ స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్నాడు. బటన్ నొక్కి, "అందరికీ..." అన్నాడు. అంతే, లాప్‌టాప్‌లో ఎర్రగీత వచ్చింది. లైను పోయింది. మళ్ళీ కలపాలని చూస్తే కలవలేదు. తిరుత్తణిలో ఇంటర్నెట్ ఇచ్చే ఆయనకు ఫోను చేస్తే, రోడ్డు తవ్వేటప్పుడు వైరు తెగిందని చెప్పాడు.

ఇంతలో చిత్తూరు స్నేహితుడు ఫోను చేశాడు. "అమ్మా, అన్నకేమయింది? 'అం, అం, అం' అని ఒకటే వస్తా ఉండాది. ఆపడమే లేదు. మూర్ఛగాని వచ్చిందా?"

మామ నా పక్కనే కూర్చుని నా ముఖం చూస్తున్నాడు. ఆయనకు ఏమీ కాలేదని చెప్పాను. కాని అక్కడ ఏం జరుగుతోందో నాకు అర్థమైంది. లైను తెగింది కాబట్టి మేం బటన్ వదిలిన సంగతి అక్కడి కంప్యూటర్‌కు తెలియలేదు. తనకు చేరిన చివరి ముక్క 'అం'ను పట్టుకుని మళ్ళీమళ్ళీ పలుకుతోంది. రేడియో పూర్తి బలంతో, ఊపిరి తీసుకోకుండా పంపుతూనే ఉంది. కాసేపటికి అది కాలుతుంది. కింద పట్టునూలు, మగ్గం మీద సగం నేసిన చీర.

వదినకు ఫోను చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ, మళ్ళీ. "ఆదివారం కే.జీ.కండిగై సంతకు పోతాది. ఫోను ఛార్జింగ్‌లో పెట్టి పోయుంటాది," అన్నాడు మామ. అంటే తాళం వేసిన ఇంట్లో ఆమె ఫోను మోగుతోంది. వదిన భర్తకు చేస్తే ఆయనా ఎత్తలేదు, డ్యూటీలో ఉన్నాడు. పక్కింటివాళ్ళెవరి నంబరూ మా దగ్గర లేదు.

"పో పాపా, నువ్వు పో. నా వల్ల ఆ పిల్ల ఇల్లు కాలిపోతే నేనెట్ల బతికేది?"

పక్క పోర్షన్ అక్కను మామ దగ్గర కూర్చోబెట్టి స్టేషన్‌కు పరిగెత్తాను. తిరుత్తణి లోకల్ దొరికింది. సీటు ఖాళీగా ఉన్నా కూర్చోబుద్ధి కాలేదు. తలుపు దగ్గర నిలబడి వదిన నంబరే నొక్కుతూ ఉన్నాను. అరక్కోణంలో బండి ఎంతకీ కదల్లేదు. అప్పుడు చిత్తూరు ఫోను వచ్చింది.

"నిలిచిపాయెనమ్మా! ఇప్పుడే నిలిచిపోయింది," అన్నాడాయన సంతోషంగా.

ఎవరైనా ఆపారా, లేక కాలిపోయి ఆగిందా? మళ్ళీ వదినకు చేశాను. మోగింది, ఎత్తలేదు. ఆమె వచ్చి ఆపి ఉంటే ఫోను ఎందుకు ఎత్తదు? తిరుత్తణి దాకా అదే నా తలలో తిరిగింది.

ఆటోలోంచి వీధి మలుపు దగ్గరే మిద్దె వైపు చూశాను. పొగ లేదు. తలుపు తెరిచే ఉంది. వదిన గడప మీద కూర్చుని ఉంది. పక్కన కూరగాయల సంచి అట్లాగే ఉంది, వంకాయలు రెండు మెట్ల మీదికి దొర్లి ఉన్నాయి. నన్ను చూసి లేవలేదు.

"చెప్పేదానికే వచ్చినావా?" అంది.

నాకు అర్థం కాలేదు. "ఏం చెప్పేదానికి వదినా?"

"తలుపు తీస్తానే టీవీ కాడుండే స్పీకర్లో గరగర, పైన రేడియోలో మాట్లాడినప్పుడల్లా దూరేటట్టే. నాయన గొంతే. మూలిగినట్టు ఉండె. ఫోను చూస్తే అన్నీ నీ కాల్సే. పైకి పోతే కాలిన వాసన. ఏం చేయాల్నో తెలీక మెయిన్ దించేసినాను. ఆ గొంతు ఆగిపాయె." ఆమె చేతులు ముఖానికి అడ్డం పెట్టుకుంది. "నువ్వు మళ్ళీ చేసినావు. ఎత్తేదానికి నాకు ధైర్యం లేకపోయింది. నాయన ఇంక లేడని వినాల్నేమో అని."

నేను తిరువళ్ళూరుకు ఫోను కలిపి ఆమె చెవి దగ్గర పెట్టాను. "ఏం తల్లీ, చేతులూ అవీ కాల్చుకోలేదు గదా?" అని మామ అడగడం నాకూ వినిపించింది. వదిన "నాయనా" అని ఒక్కసారి అంది. ఏడుస్తూ సంచిలోంచి ఒక్కొక్క కూరగాయా తీసి గడప మీద పెడుతోంది, ఎందుకో ఆమెకే తెలియదు.

మేడగదిలో రేడియో అప్పటికీ వేడిగానే ఉంది. వెనక ప్లగ్గు కరిగి మెత్తబడింది, బల్ల మీది గుడ్డ గోధుమరంగుకు మాడింది. వదిన ఇంకొంచెం ఆలస్యంగా వచ్చి ఉంటే ఏమయ్యేదో ఆలోచించలేకపోయాను. తర్వాత ఇంటర్నెట్ వైరు అతికించాక, వేరే ప్లగ్గుతో పెట్టి చూస్తే రేడియోలో అవతలివాళ్ళ మాట వినిపిస్తోంది కాని మన మాట బయటికి పోవడం లేదు.

ఆ ఆదివారం సాయంత్రమే మామకు నిజం చెప్పాను. లైను పోతే రేడియోను దానంతట అదే ఆపే ఏర్పాటు ఆ సాఫ్ట్‌వేర్‌లో ఉంది. డబ్బు కట్టినవాళ్ళకే అది పనిచేస్తుంది. ఒక గడిలో టిక్కు పెట్టాలి. నేను పెట్టలేదు.

మామ గడ్డం నిమురుకున్నాడు. "లైసెన్సు నాది. లైను పోతే ఎట్లని ముందే అడగాల్సింది నేను. నువ్వెట్ల బాధ్యురాలివి?" అన్నాడు. అయినా నాకు ఆ వారమంతా బడిలో పనిచేస్తుంటే కాలిన ప్లగ్గు వాసన వచ్చినట్టే ఉండేది.

చిత్తూరాయన బస్సులో తిరుత్తణికి వచ్చి రేడియో పట్టుకుపోయి, నెల దాటాక బాగుచేసి తెచ్చాడు. ఈసారి ఆ టిక్కు పెట్టి, మాట మధ్యలో నేనే కావాలని లైను తెంపి నాలుగుసార్లు పరీక్షించాను. నాలుగుసార్లూ రేడియో ఆగింది. వదిన కూడా ఒక షరతు పెట్టింది. రేడియో కరెంటుకు కింద మగ్గం పక్కన వేరే స్విచ్చు ఉండాలి, అది ఆమె వేసి ఫోను చేస్తేనే ఇక్కడ మామ బటన్ ముట్టుకోవాలి, ఆమె ఇల్లు కదలాల్సి వస్తే ఆపేస్తుంది.

ఇప్పుడు రోజూ ఎనిమిదికి ముందు ఆమె ఫోను కోసం చూస్తాం. నేను బడికి పోయే తొందరలో ఉన్నా మామ మాట ముగించేదాకా కదలను, కళ్ళు ఆ తెర మీదే ఉంటాయి. ఆయన కూడా పొట్టిగా మాట్లాడడం నేర్చుకున్నాడు. నిన్న మదురై ఆయన కథ సాగదీస్తుంటే మధ్యలో వదిన ఫోను వచ్చింది. ఎత్తుతూనే తెర వైపు చూశాను.

"నీళ్ళ ట్యాంకరు వచ్చిందే. బిందెలు పట్టుకొని పోవాల. నాయన్ను తొందరగా ముగించమను, స్విచ్చి ఆపేస్తాను," అంది.