దిగమన్న మాట

"దిగప్పా, దిగు! మీ నాయన మా వాకిలి ముందర సైకిలు దిగి తోసుకుంటా పోతాండె గదా. నీకేమన్నా కొత్తనా?"

ఈ మాట అన్నది మా మిత్రుల్లో ఒకడు. ఆ మాట పడినవాడు మరొక మిత్రుడు. అన్న చోటు ఉత్తర థాయ్‌లాండ్‌లో వానకు నానిన ఒక ఎర్రమట్టి కొండవాలు. రాళ్లూ బురదా ఉన్న దారుల్లో మోటారు సైకిలు నడపడం నేర్చుకుందామని మేము నలుగురం సెలవులకు అక్కడికి పోయాం.

మాట పడినవాడు అప్పుడు వాలు మధ్యలో ఆగిపోయిన బండి మీద ఉన్నాడు. వెనక చక్రం తిరుగుతోంది కానీ బండి కదలడం లేదు. పైనుంచి మాకు బండి నేర్పే శిక్షకురాలు చేత్తో సైగ చేస్తోంది. దిగు, బండి పక్కన నడుస్తూ మెల్లగా ఎక్కించు అని. అలా చెయ్యాలని ఆమె మొదటి రోజే నేర్పింది. అతను దిగడానికి కుడికాలు ఎత్తాడు కూడా. అది నేను చూశాను, అతని వెనకే ఉన్నాను కాబట్టి. సరిగ్గా అప్పుడు కింది నుంచి ఆ మాట వచ్చింది.

ఎత్తిన కాలు మళ్లీ యథాస్థానంలో పెట్టేశాడు. ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. తర్వాత బండికి ఉన్న బలమంతా ఇచ్చి వాలు మీదికి వదిలాడు. ముందు చక్రం గాల్లోకి లేచింది. బండి పక్కకు ఒరిగి అతని ఎడమకాలి మీద పడి, ఆ కాలితో పాటే కిందికి జారింది. చీలమండ విరిగింది.

ఈ సంగతి ఇప్పుడు కర్నూల్లోనూ కడపలోనూ మా స్నేహితులందరికీ తెలుసు. తెలిసిన తీరు మాత్రం ఇదీ: "టీచరమ్మ దిగమంటే దిగకుండా మొండికి పోయినాడంట. పడినాడంట." ఇందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. ఆమె దిగమంది, అతను దిగలేదు, పడ్డాడు. మధ్యలో ఉన్న వాక్యాన్ని మాత్రం ఎవరూ చెప్పడం లేదు. నా జీవితంలో ఎక్కువ భాగం దినపత్రికలో గడిచింది. ఒక్క వాక్యం కోసేసి మిగిలినదంతా నిజమే అచ్చువేసి, మనిషిని దోషిగా నిలబెట్టడం ఎంత సులువో నాకు తెలుసు. నా ఒళ్లు మండేది అక్కడే. అందుకే మొదటినుంచీ చెబుతున్నాను.

మేము నలుగురం కర్నూల్లో డిగ్రీ చదివేటప్పుడు ఒకే హాస్టల్లో ఉన్నాం. నేను పత్రికల్లోకి వచ్చి కడపలో స్థిరపడ్డాను. రాజంపేట వాడొకడు తన ఊళ్లోనే మందుల షాపు పెట్టుకున్నాడు. మిగతా ఇద్దరిదీ కోయిలకుంట్ల దగ్గర ఒకే ఊరు. అందులో ఒకరిది ఆ ఊళ్లో అందరికంటే ఎక్కువ భూములున్న ఇల్లు. అతను ఇప్పుడు నాపరాళ్లు పాలిష్ పట్టే ఫ్యాక్టరీ నడుపుతున్నాడు. రెండోవాడిది అదే ఊరి దళితవాడ. అతను జూనియర్ కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. మాట అన్నది ఫ్యాక్టరీ మిత్రుడు. కాలు విరిగింది లెక్చరరుకి.

సైకిలు సంగతి మాకు చెప్పింది లెక్చరరే. హాస్టలు రోజుల్లో ఒక సాయంత్రం, తుంగభద్ర ఒడ్డున కూర్చుని చెప్పాడు. చిన్నప్పుడు వాళ్ల నాయన అతన్ని సైకిలు ముందు కమ్మీ మీద కూర్చోబెట్టుకుని బడికి తీసుకుపోయేవాడట. పెద్దింటి వాకిలి దగ్గరికి రాగానే దిగిపోయేవాడు. కొడుకునీ దించేవాడు. చెప్పులు విప్పి హ్యాండిలుకు తగిలించి, సైకిలు తోసుకుంటూ ఆ వాకిలి దాటేవాడు. దాటాక మళ్లీ ఎక్కేవారు. ఎందుకు దిగాలని పిల్లవాడు అడిగితే "చైను పడిందిరా" అనేవాడట. రోజూ అక్కడికి రాగానే చైను పడుతుంది. నాలుగో తరగతి దాకా ఆ సైకిలు చైను మంచిది కాదనే అనుకున్నానని చెప్పి అతను నవ్వాడు. మాకు నవ్వు రాలేదు. ఆ పెద్దింటి కొడుకైన ఫ్యాక్టరీ మిత్రుడు కూడా ఆ పూట మా పక్కనే కూర్చుని ఉన్నాడు. అతను లేచి లెక్చరరు భుజం మీద చెయ్యి వేసి "ఆ కాలం పాయెలేప్పా" అన్నాడు. ఆ చెయ్యి వేయడం చూసి మేమంతా ఒక పాత లెక్క తీరిపోయిందనుకున్నాం.

ఇక థాయ్‌లాండ్ ఎందుకంటే, దానికి కారణం మందుల షాపు మిత్రుడు. యాభై దాటాక అతనికి మోటారు సైకిలు పిచ్చి పట్టింది. ఒక ఆదివారం నలుగురం గండికోట దగ్గర పెన్న లోయ వెంబడి రాళ్లదారిలో పోతుంటే అందరికంటే ముందు అతనే పడ్డాడు. తర్వాత నేను పడ్డాను. దెబ్బలేమీ లేవు. కానీ మేము జమ్మలమడుగులో టీ తాగేలోపే, చూసినవాళ్లెవరో మందుల షాపు మిత్రుడి ఇంటికి ఫోను చేసేశారు. వాళ్లావిడ మా నలుగురినీ వరసపెట్టి తిట్టింది.

"ఈడ నేర్చుకునేది కాదప్పా ఇది," అన్నాడు ఫ్యాక్టరీ మిత్రుడు. "పడితే ఊరంతా నగుతాది. ఎవురూ ఎరగని చోటికి పోదాం."

"థాయ్‌లాండంటే ఇంట్లో ఏమనుకుంటారో తెలుసునా?" అన్నాడు మందుల షాపు మిత్రుడు.

"బండి నేర్చుకునేకి పోతాండామని చెప్పు."

"అదే చెప్పినా. ఏం బండి అని అడిగింది."

ఇలా నవ్వుకుంటూనే బయలుదేరాం. ఎవరూ ఎరగని చోటు అన్నది ఎంత తెలివితక్కువ లెక్కో ఎవరికీ తట్టలేదు. మమ్మల్ని ఎరిగినవాళ్లను మేమే వెంటబెట్టుకుని పోయాం.

శిక్షకురాలు సన్నగా, చిన్నగా ఉండే మనిషి. మాటలు తక్కువ. ఆమె మొదట నేర్పింది పడ్డ బండిని లేపడం. వీపు బండికి ఆనించి, కాళ్లతో నెట్టి లేపాలి. తర్వాత నిలబడి నడపడం. గుంతను చూడకు, పోవలసిన చోటును చూడు అని పదేపదే చెప్పేది. మరీ జారుడుగా ఉన్న వాలు వస్తే దిగిపోయి, ఇంజను ఆన్‌లోనే ఉంచి, క్లచ్‌ను కొంచెం కొంచెం వదులుతూ పక్కన నడవాలి. "నడవడం కూడా నడపడమే" అన్న అర్థంలో ఏదో అంది.

లెక్చరరు మా అందరికంటే బాగా నేర్చుకున్నాడు. బరువు ఏ కాలి మీద పడాలో, ఎందుకు పడాలో భోజనాల దగ్గర చెంచాలతో బొమ్మలు కట్టి మాకు వివరించేవాడు. రెండో రోజు ఆమె మా ముగ్గురినీ ఆపి అతన్ని చూడమని వేలు చూపించింది. అతని మొహంలో అంత సంతోషం నేను ఎన్నడూ చూడలేదు. ఫ్యాక్టరీ మిత్రుడు ఆ రోజు నాలుగుసార్లు పడ్డాడు. పడిన ప్రతిసారీ బండిదే తప్పన్నాడు. టైరు బాగలేదన్నాడు, బ్రేకు సరిగా లేదన్నాడు. మధ్యాహ్నం నుంచి అతను నవ్వడం మానేశాడు. మూడో రోజు ఆ ఎర్రమట్టి వాలు వచ్చింది.

మంచి రైడరు దిగి నడవాల్సిన చోటు అది. అతను అలాగే చెయ్యబోయాడు. ఆ మాట వినబడిన తర్వాత దిగితే, దిగింది ఎవరి మాట మీద? శిక్షకురాలికి తెలుగు రాదు. ఆమె కళ్లకు అతనొక భయం లేని మొండి మనిషి. కానీ వెనకాల ఉన్న ముగ్గురికీ తెలుగు వచ్చు. కాలు కింద పెడితే ఆ ముగ్గురి కళ్లల్లో అది వాలు కాదు, పెద్దింటి వాకిలి. నేర్చుకున్న విద్యను వాడుకునే వీలు కూడా లేకుండా చేసింది ఆ మాట. కాలు విరగడం కంటే నాకు ఇదే ఎక్కువ దుర్మార్గంగా కనిపిస్తుంది.

బండి కింద నుంచి కాలు తీసి, అతన్ని పడుకోబెట్టి, నేను ఫ్యాక్టరీ మిత్రుడి దగ్గరికి పోయి అడిగాను. నోట్లోంచి ఆ మాట ఎట్ల వచ్చిందని. అతను "ఇప్పుడా మాట్లాడేది? ముందు ఆస్పత్రి చూడు" అన్నాడు. ఆస్పత్రి అయింది. విమానం అయింది. కర్నూల్లో ఆపరేషను అయింది. మాట్లాడే సమయం మాత్రం అతనికి రాలేదు.

మందుల షాపు మిత్రుడు నన్ను పక్కకు పిలిచి ఒక మాట అన్నాడు. "దేవుడి దయప్పా, ఆ మాట ఆడ అన్న్యాడు. ఈడ అనింటే కేసైతాండె." అతను చెడ్డవాడు కాదు. మేము నలుగురం విడిపోకూడదనే అతని తాపత్రయం. అయినా ఆ మాటకు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు. కేసు కాకపోతే తప్పు కాదా? దేశం దాటితే మాట బరువు తగ్గుతుందా? అతని హెల్మెట్‌కు కెమెరా ఉంది. పాట పెట్టి వీడియో చేసి అందరికీ పంచాడు. అందులో వాలు ఉంది, శిక్షకురాలి సైగ ఉంది, పడడం ఉంది. పడడానికి ముందరి క్షణాలు లేవు. "బాగుండదని తీసేసినా" అన్నాడు. ఎవరికి బాగుండదని నేను అడిగాను.

కట్టు ఉండగానే ఒక ఆదివారం నేను లెక్చరరు ఇంట్లో ఉన్నాను. ఫ్యాక్టరీ మిత్రుడు పండ్ల బుట్టతో వచ్చాడు.

"ఎట్లుండాది కాలు?"

"ఉండాది."

"స్క్రూలు ఏసినారంటనే?"

"ఊఁ."

"శానా మొండోడివప్పా నువ్వు. ఆయమ్మ దిగమంటాంటే దిగొచ్చు గదా."

"ఆయమ్మ దిగమన్న్యాదని కాలెత్తినా. నువ్వు దిగమన్న్యావని పెట్టేసినా."

"నేనేమన్న్యా?"

"ఏమన్న్యావో నువ్వే చెప్పు. మా నాయన మాట నా నోటితో నేను చెప్పుకోను."

"ఏదో జోకుకు అనింటా. మతికి ల్యా."

"మతికి ల్యాకుంటే అది జోకని ఎట్ల తెల్సె?"

ఫ్యాక్టరీ మిత్రుడు నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు. అతను లేచి నిలబడ్డాడు. లెక్చరరు భార్య లోపలి నుంచి వచ్చి, "అన్నా, పండ్లు తీస్కపోండి. ఈయనకు షుగరు" అంది. గొంతు పెంచలేదు. అతను బుట్ట తీసుకునే పోయాడు.

ఆ వారంలోనే నాకు ఫోను చేశాడు. "మా తాత కాలం నాటిదానికి నన్ను నిలేస్తాండారు మీరు. నేను ఎవుర్నన్నా సైకిలు దింపినానా? నా ఫ్యాక్టరీలో అందరూ ఒకే కాడ కూర్చోని తింటారు, పోయి చూస్కో."

"మీ తాతను ఎవురు అడిగినారప్పా? మొన్న నువ్వు అన్నదాన్ని అడుగుతాండాం."

"నువ్వు గూడ వాని పక్కనే."

అవును, అతని పక్కనే. ఇందులో రెండు పక్కలు ఉన్నాయని, మధ్యలో నిలబడడం పెద్దరికమని మాకు చెప్పేవాళ్లు ఇప్పుడు చాలామంది తయారయ్యారు. కాలేజీ నాటి స్నేహితుల్లో ఒకాయన, "ఇంత వయసొచ్చి చిన్న మాటకు ముప్పై ఏండ్ల స్నేహం పోగొట్టుకుంటారా" అని లెక్చరరుకే హితవు చెప్పి వచ్చాడు. పోగొట్టింది ఎవరో ఆయన అడగలేదు. ఓర్చుకోమనే సలహా ఎప్పుడూ దెబ్బ తిన్నవాడి ఇంటికే నడిచి వస్తుంది. కొట్టినవాడి గడపకు పోవడానికి దానికి కాళ్లు రావు.

లెక్చరరు ఏం కోరుతున్నాడో అందరికీ స్పష్టంగా చెప్పాడు. ఆస్పత్రి ఖర్చు వద్దు. కాళ్లు పట్టుకోవడం వద్దు. ఎవరి ముందు అన్నాడో వాళ్ల ముందే, ఆ మాట నేను అన్నాను, అది తప్పు అని చెప్పాలి. అంతే. అంత చిన్న కోరిక కాబట్టే అది ఫ్యాక్టరీ మిత్రుడికి అంత కష్టంగా ఉంది. ఖర్చు పెట్టడమైతే అతను ఎప్పుడో పెట్టి ఉండేవాడు.

ఇప్పుడు లెక్చరరు నడుస్తున్నాడు. మెట్లు దిగేటప్పుడు మాత్రం గోడ పట్టుకుంటాడు. డాక్టరు బండి నడపవచ్చన్నాక మళ్లీ కాలేజీకి బండి మీదే పోతున్నాడు. ఈ మధ్య మందుల షాపు మిత్రుడు మా నలుగురి వాట్సాప్ గ్రూపులో, చలికాలం మొదలైంది కదా, గండికోటకు పోదామా అని పెట్టాడు. నేను జవాబు ఇవ్వకముందే లెక్చరరు రాశాడు: "నేను వస్తాను. బయలుదేరే ముందు, ఆ రోజు వాలు మీద ఏమన్నాడో అతను మన ముందర చెప్పాలి."

ఆ మెసేజీ పక్కన నీలిరంగు టిక్కులు వచ్చాయని లెక్చరరు తన ఫోను నాకు చూపించాడు. ముగ్గురమూ చదివామని అర్థం. ఫ్యాక్టరీ మిత్రుడు గ్రూపులోనే ఉన్నాడు. ఇది రాస్తున్న రోజు వరకు అతను ఏమీ రాయలేదు.